ఆది జాకెట్టు

ఇవాళ ఆదివారం. సంగతి జరిగింది శుక్రవారం. అయినా నా రెండు జబ్బల మీదా ఎర్రటి వాతలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎవరైనా అడిగితే దోమలు కుట్టాయంటున్నాను. చేతి చుట్టూ కంకణంలా వరసగా కుట్టే దోమలు మా తెనాల్లో కూడా లేవని అడిగినవాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. కుట్టింది దోమ కాదు, నేనే.

మా ఇంట్లో పదమూడు మందిమి. అత్తయ్యగారు, మామయ్యగారు, ఆయన తల్లి, బావగారు, అక్క, వాళ్ళ ముగ్గురు పిల్లలు, మేమిద్దరం, మా ఇద్దరు, మేడ మీద గదిలో పోటీ పరీక్షలకి చదువుతున్నానని చెప్పే మరిది. వరలక్ష్మీవ్రతానికి వదిన తన ఇద్దరు పిల్లల్తో దిగేసరికి పదహారు. బాత్రూములు రెండు. లోపల గొళ్ళెం సరిగ్గా పడే గది ఒక్కటే. ఈ చివరి లెక్క కాస్త గుర్తుంచుకోండి.

మొదటి తప్పు మా వీధి చివర టైలరక్కది. ఇది నేను ఎక్కడైనా చెబుతాను. ఆషాఢం తగ్గింపుల్లో ఊరంతా ఎగబడి కొన్న చీరలు శ్రావణం వచ్చేసరికి ఆవిడ కొట్లోనే తేలతాయి, నిజమే. కానీ నేను చీర కొన్న మర్నాడే జాకెట్టు ముక్క పట్టుకెళ్ళి ఇచ్చాను. మంగళవారం రమ్మంది. వెళ్తే, కరెంటు లేక ఇంకా కట్ చెయ్యలేదంది. కత్తెరకి కరెంటెందుకో నేను అడగలేదు. మళ్ళీ మంగళవారం రమ్మంది. వెళ్తే, వాళ్ళ ఆడపడుచు కూతురి పెళ్ళంది. మూడో మంగళవారం నా ముక్క, నేనిచ్చిన కవర్లోనే, నేను వేసిన ముడితోనే కనిపించింది. ఒళ్ళు మండింది. "ఇలా ఇచ్చెయ్యండి, మేమే కుట్టుకుంటాం" అన్నాను. ఆవిడ తలెత్తకుండా, "సరేనమ్మా, లోపలికి కాస్త గుడ్డ వదులుకోండి" అంది. అది సలహా అని నాకు శుక్రవారం పొద్దున్నదాకా తెలియలేదు. వెటకారం అనుకున్నాను.

మా ఇంట్లో మిషను ఉంది. అత్తయ్యగారి పెళ్ళికి వాళ్ళ నాన్నగారు కొనిచ్చిన కాలి మిషను. ఇప్పుడు దాని మీద టీవీ రిమోటు, మామయ్యగారి బీపీ మాత్రలు, పిల్లల లంచ్ బ్యాగులు, ఎవరివో తెలియని రెండు చార్జర్లు ఉంటాయి. కింద పెడలు మీద మా బుడ్డోడు కూర్చుని, పక్క చక్రం స్టీరింగులా తిప్పుతూ విజయవాడ బస్సు నడుపుతుంటాడు. ఎవరైనా కుట్టుకోవాలంటే ముందు ప్రయాణికుల్ని దింపాలి.

కత్తెర కథ వేరు. గుడ్డల కోసం విడిగా కొన్న పెద్ద కత్తెర అది. దాంతో పాలప్యాకెట్లు, మాత్రల అట్టలు, ప్రాజెక్టు వర్కు చార్టులు, మా మరిది మీసం అన్నీ కత్తిరిస్తారు. పోయిన ఏడాది విసిగిపోయి పిడి మీద మార్కరుతో "గుడ్డలకు మాత్రమే" అని రాశాను. మర్నాడు బావగారు దాంతో నేల తుడిచే గుడ్డని రెండు ముక్కలు చేస్తూ కనిపించారు. రాసిందే చేశారు కదా, ఏమంటాం?

ఇక ఆది జాకెట్లు, అంటే కొలతకి పెట్టుకునే పాత జాకెట్లు. మా ఇంటి ఆడవాళ్ళవన్నీ ఒక పాత దిండు గలీబులో ఉంటాయి. అన్నీ వెలిసిపోయి, ఇంచుమించు ఒకే రంగుకి వచ్చేశాయి. అందుకే మెడ వెనక రంగు దారాలతో ముడులు వేసి పెట్టాను. ఎరుపు అత్తయ్యగారిది, పచ్చ అక్కది, నీలం నాది, తెలుపు ఇంటర్ చదివే మా పెద్దపిల్లది, అంటే అక్క పెద్దకూతురిది. మొన్న గలీబు విప్పి చూస్తే ఒక్క జాకెట్టుకీ దారం లేదు. రెండు జాకెట్లు అచ్చం ఒకేలా ఉన్నాయి, ఒకటి కాస్త పెద్దది, ఒకటి కాస్త చిన్నది. పెళ్ళై పదకొండేళ్ళయిన మనిషి చేతిలో రెండు ఆది జాకెట్లు పెట్టి వీటిలో నీదేది అంటే ఏది తీస్తుంది? నేనూ అదే తీశాను. ఈ మధ్య అన్నం తగ్గించాను కదా అని సమర్థించుకున్నాను కూడా.

కుట్టిన మూడు రాత్రుల గురించి చెప్పను. పద్నాలుగో నంబరు సూదులు రెండు విరిగాయి, బాబిన్ కింద దారం పిచ్చుకగూడు కట్టింది, అంతే. లైనింగు ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాను. లేకపోతే ఉతికాక ముడుచుకుపోతుంది. అదొక్కటి సరిగ్గా చేశాను. చీరతో వచ్చే ముక్క ఎనభై సెంటీమీటర్లు. ఫోన్లో చూపించే ఆవిడ కూడా పక్క కుట్ల దగ్గర అంగుళంన్నర లోపలికి వదలమంది. ఊరికే లోపల దాక్కునే గుడ్డ ఎందుకని ఆ మిగులంతా పోగుచేసి, వ్రతంలో కలశానికి కట్టడానికి చిన్న పావడా కుట్టాను. అమ్మవారి పావడా అమ్మవారికి చక్కగా సరిపోయింది.

శుక్రవారం పొద్దున ఆరూ నలభై. పంతులుగారు ఏడున్నరకి వస్తామన్నారు, ఆయనకి ఆ రోజు మాది నాలుగో ఇల్లు. పదిన్నరకి రాహుకాలం. ఈ లోపల కథ చదవడం, తోరాలు కట్టుకోవడం అన్నీ అయిపోవాలని అత్తయ్యగారు ముందురోజు నుంచీ గడియారం చూపిస్తున్నారు. నేను తలస్నానం చేసి, లంగా కట్టుకుని, గదిలోకి వెళ్ళి పై గొళ్ళెం పెట్టి జాకెట్టు తొడిగాను.

మోచేతుల దాకా చేతులు పెట్టుకున్నాను, ఫ్యాషనని. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఆగింది. ఊపిరి బిగబట్టి లాగితే జబ్బ సగం దాకా వెళ్ళింది. అప్పుడైనా ఆగాలి కదా? కొత్త లైనింగు, ఒకసారి వేసుకుంటే సాగుతుందిలే అనుకుని, కుడి చెయ్యి కూడా దూర్చాను. అదీ జబ్బ సగం దాకా వెళ్ళి ఆగింది. అక్కణ్ణుంచి పైకి రాదు, కిందికి దిగదు. వీపు మీద గుడ్డ తబలా చర్మంలా బిగిసింది. రెండు చేతులూ వెనక్కి లాగేసుకుపోయాయి. అద్దంలో చూసుకుంటే పెడరెక్కలు విరిచి కట్టిన దొంగ ఎలా ఉంటుందో అలా ఉన్నాను. నుదుటి మీద బొట్టొకటి అదనం.

సరే, ఎవరినైనా పిలుద్దామనుకున్నాను. పిలిస్తే లోపలికి రావాలి. రావాలంటే గొళ్ళెం తియ్యాలి. గొళ్ళెం తలుపు పైన ఉంది. నా చేతులు నడుము వెనక ఉన్నాయి. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి గొళ్ళేన్ని నేనే, నా చేతులతోనే, పైకంటా నెట్టి పెట్టాను.

గెడ్డంతో ప్రయత్నించాను, అందలేదు. ఎగిరి నుదుటితో కొట్టాను, బొట్టు తలుపుకి అంటుకుంది. ఆ చప్పుడికి మా వారొచ్చి, "ఇంకా ఎంతసేపు? లోపల నా చార్జరుంది" అన్నారు. ఇరుక్కుపోయానన్నాను. "ఎక్కడ?" అన్నారు. జాకెట్టులో అన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "ఇవన్నీ ఆన్‌లైన్లో రెడీమేడ్ దొరుకుతాయిగా" అన్నారు. పదకొండేళ్ళలో ఆయన నాకిచ్చిన సలహాలన్నీ ఇలాంటి సమయంలోనే ఇచ్చారు.

ఐదు నిమిషాల్లో తలుపవతల పెద్ద సభ చేరింది. సబ్బు నురగ పూసుకోమని వదిన. చేతులు వెనక ఉన్నాయి, ఎలా పూసుకోను? తలుపు పగలగొడదామని మరిది, ఆ ఏడాదిలో మొదటిసారి మేడ దిగి. ఈ గొళ్ళెం కూడా పోతే ఇంటికి ఇక దిక్కేదని బావగారు. ఊపిరి వదలవే, బిగబట్టకు అని నాయనమ్మగారు, పురిటిగది బయట చెప్పినట్టు. పులిహోర చల్లారిపోతోందని అక్క.

హాల్లో పడక్కుర్చీలోంచి మామయ్యగారి గొంతు వినబడింది. ఆయన రిటైరైన మాస్టారు. "కుట్టుమిషన్ని తిట్టుకోకమ్మా. యంత్రాలంటే పడని గాంధీగారే మిషన్ని మెచ్చుకున్నారు. 1924లో. సింగరనే ఆయన భార్య చేత్తో కుట్టలేక అవస్థపడుతుంటే చూడలేక, ఆవిడ మీద ప్రేమతో తయారుచేశాడని చెప్పారు." నేనప్పుడు మిషన్ని తిట్టలేదు. ఎవరినీ తిట్టే ఓపిక కూడా లేదు. మా పెద్దపిల్ల వెంటనే ఫోన్లో వెతికి, "తాతయ్యా, ఆ సింగర్‌కి వేరే వేరే ఆడవాళ్ళతో ఇరవై మందికి పైనే పిల్లలంట" అంది. హాలంతా ఒక్కసారి ఊరుకుంది. "అంతమందికి గౌన్లు కుట్టాలంటే మిషనుండాల్సిందే" అన్నారు అత్తయ్యగారు. అందరూ నవ్వారు. తలుపుకి ఇవతల నేను కూడా నవ్వబోయాను, చంక దగ్గర పటుక్కుమంది. పోనీ కుట్టు విడిందేమో అని ఆశపడ్డాను. లేదు. నేను రెండు వరసలు వేశాను, గట్టిగా ఉండాలని.

చివరికి దారి చెప్పింది కూడా ఆ పిల్లే. "పిన్నీ, ట్రంకుపెట్టె తలుపు దగ్గరికి కాలితో జరుపు. ఎక్కి, వెనక్కి తిరిగి నిలబడు." ట్రంకుపెట్టెలో చలికాలపు బొంతలున్నాయి, ఏనుగు బరువు. ఒంటికాలితో తోసుకుంటూ తెచ్చాను. దాని మీద చేటంత స్టూలు. ఎక్కి వీపు తలుపుకి పెట్టి నిలబడితే, గొళ్ళెం సరిగ్గా నా వేళ్ళ దగ్గరికి వచ్చింది. కళ్ళతో చూడకుండా, వెనక చేతులతో, బయటినుంచి "ఎడమకి, ఎడమకి, నీ ఎడమ కాదు పిన్నీ, తలుపెడమ" అని చెబుతుంటే లాగాను. గొళ్ళెం దిగింది. స్టూలు కూడా.

ఆడవాళ్ళందరూ లోపలికొచ్చి తలుపేశారు. కొబ్బరినూనె సీసా ఖాళీ చేసి, అక్క ఒక చెయ్యి, వదిన ఒక చెయ్యి పట్టుకుని లాగారు. గాజులవాడు కూడా అంత నూనె వాడడు. జాకెట్టు ఊడొచ్చింది, చిరగకుండా. అత్తయ్యగారు దాన్ని వెలుతుర్లో పట్టుకుని చూసి, "ఇది పెద్దపిల్ల కొలత కదే! ఆది చూసుకోలేదా?" అన్నారు.

దారాల ముడులు లేవన్నాను.

"ఓ, అవా? పోగులు వేలాడుతుంటే నేనే కత్తిరించి, ఉతికి మడతపెట్టాను. నువ్వెప్పుడూ ఖాళీ లేదంటావుగా, ఆ మాత్రం నేను చెయ్యకూడదా" అన్నారు. దేంతో కత్తిరించారని అడగలేదు. పిడి మీద రాసే ఉంది.

పంతులుగారు ఎనిమిదింటికి వచ్చారు. నేను కొత్త చీర మీద పాత గోధుమరంగు జాకెట్టేసుకుని పీట మీద కూర్చున్నాను. ఫోటోలన్నిటిలోనూ చేతులు పైటలో దాచుకునే ఉన్నాను. నేను కుట్టింది పెద్దపిల్ల వేసుకుంది, ఓణీ మీద. నూనె మరకలు వీపు మీద పడ్డాయి, జడ కింద కనిపించలేదు. చేతికి తొడుగులా సరిపోయింది.

సాయంత్రం పేరంటానికి వీధిలో వాళ్ళందరితో పాటు టైలరక్క కూడా వచ్చింది. శనగలు, తాంబూలం, జాకెట్టు ముక్క ఆవిడకిచ్చే వంతు నాకే పడింది. నేను వంగి పసుపు రాస్తుంటే, ఆవిడ చూపంతా పెద్దపిల్ల జాకెట్టు మీదే ఉంది. పిల్లని దగ్గరికి పిలిచి, భుజం కుట్టు వేలితో తడిమి, చెయ్యెత్తమని చంక దగ్గర చూసి, "ఫిట్టింగు భలే కుదిరింది. ఎవరి దగ్గర కుట్టించారమ్మా?" అంది. అత్తయ్యగారు నవ్వాపుకుంటూ నన్ను చూపించారు. ఆవిడ నా వంక చూసింది, నా గోధుమరంగు జాకెట్టు వంక చూసింది. ఇంకేం అడగలేదు. ఆవిడ మంచితనం అనే అనుకుంటున్నాను.

పేరంటాళ్ళు వెళ్ళిపోయాక, అత్తయ్యగారికి తాంబూలంలో వచ్చిన ముక్కొకటి, నా అసలు ఆది జాకెట్టు, మెడకి కొత్త నీలం దారం కట్టి, పట్టుకుని గేటు దాకా పరిగెత్తాను. టైలరక్క తీసుకుని సంచిలో వేసుకుంది. మంగళవారం రమ్మంది.

ఏ మంగళవారమో నేనూ అడగలేదు.