మూడు రూపాయల వడ్డీ, మూడు శాతం వడ్డీ

పావలా వడ్డీ అంటే నూటికి నెలకు 25 పైసలు, ఏడాదికి 3 శాతం. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. డ్వాక్రా సంఘాలున్న ప్రతి పల్లెలోనూ ఈ రెండు మాటలూ పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. అయినా మూడు రూపాయల వడ్డీకి 10,000 తెస్తే ఏడాదికి వడ్డీ ఎంతని బడిలో అడిగితే, పీటీఆర్ బై హండ్రెడ్ సూత్రంలో ఆర్ (వడ్డీ రేటు) దగ్గర 3 వేసి 300 అని తేల్చేసే పిల్లలు ఎందరో. కట్టాల్సింది 3,600. పుస్తకంలో రేటు ఏడాదికి, ఊళ్లో నెలకు. ఈ రెంటినీ కలిపి చెప్పే తరగతులు అరుదు. సామాజిక న్యాయాన్ని లెక్కల పీరియడ్‌లోకి తేవాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

బారువడ్డీ పాఠానికి అదనంగా రెండు పీరియడ్లు చాలు. బోర్డు మీద ఒక వాయిదాల కార్డు గీయాలి: అప్పు 10,000, వారానికి 230 చొప్పున 50 వారాలు. మొత్తం 11,500, వడ్డీ 1,500. పిల్లలు 15 శాతమే కదా అంటారు. అప్పుడు అసలును వారం వారం రాయించాలి. వారానికి అసలు 200 తీరుతుంది కాబట్టి చేతిలో ఉండే సొమ్ము 10,000, 9,800, 9,600 అని దిగుతూ చివరి వారానికి 200 అవుతుంది. సగటు 5,100. 1,500ను దాంతో భాగిస్తే 29 శాతం పైమాటే. రోజువారీ ఫైనాన్స్ లెక్క ఇంకా కఠోరం. 10,000 అని రాయించుకుని 1,000 ముందే కోసి, రోజుకు 100 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తే, ఇదే పద్ధతిలో నూరు రోజులకే 22 శాతం, ఏడాదికి 80 శాతం తేలుతుంది. దీనికి కావాల్సింది సగటు, భాగహారం, అంతే.

ఇలా వాయిదాల మీద పేదలకు తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పుల, అంటే సూక్ష్మరుణాల, ఒత్తిడి ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుగు నేల చూసింది. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వారపు వాయిదాలను నెలవారీ చేయించింది, వడ్డీ అసలును మించరాదని కట్టడి చేసింది. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, సూక్ష్మరుణం ఇచ్చే సంస్థ అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును కాగితంపై చూపాలి. చాలా ఇళ్లలో ఆ కాగితం చదవగలిగేది ఎనిమిదో తరగతి పిల్లే.

జాగ్రత్తలూ ఉన్నాయి. మీ ఇంటి అప్పుల కాగితాలు పట్టుకు రమ్మని పిల్లలకు చెప్పకూడదు. ఎవరింట్లో ఎంత బాకీ ఉందో తరగతికి తెలిస్తే ఆ బిడ్డ తల ఎత్తుకోలేదు. అప్పిచ్చినవాడి బిడ్డా అదే బల్ల మీద కూర్చుని ఉండవచ్చు. కాబట్టి కార్డు టీచరే తయారుచేయాలి. తీర్పు కూడా టీచరు ముందే చెప్పేయరాదు. ఊరూరా తిరిగి వసూలు చేసే మనిషి జీతం, తిరిగిరాని బాకీలు, సంస్థ తెచ్చుకున్న సొమ్ముకు కట్టే వడ్డీ... వీటినీ లెక్కలో వేయించి, న్యాయమైన రేటు ఎంతుండాలో పిల్లలనే వాదించుకోనివ్వాలి. ఆ వాదనలో లెక్క తప్పితే మాత్రం టీచరు వదలకూడదు. ఆవేశం బాగుందని తప్పు భాగహారానికి మార్కులు వేస్తే నష్టపోయేది పేదింటి బిడ్డే.

పరీక్షలో రానిది తరగతిలో నిలవదు. ఫార్మేటివ్ (చదువు సాగుతుండగా చేసే మదింపు) ప్రాజెక్టుల్లో వాయిదాల కార్డును చేర్చాలని, సమ్మేటివ్ (టర్ము చివరి పరీక్ష) ప్రశ్నపత్రంలో నెలవడ్డీని వార్షిక రేటుగా మార్చే ప్రశ్న ఒకటి తప్పక ఉండాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ కోరుతున్నాం.