పాయసం అడిగితే వాయసం

మధ్యాహ్నం ఒంటిగంట, భోజనాల హోటలు. ఏడో నంబరు టేబుల్ నుంచి వంటగదికి కేఓటీ (కిచెన్ ఆర్డర్ టికెట్) చీటీ వెళ్లింది. అందులో ఫుల్ మీల్స్ ఒకటి, వాయసం ఒకటి, అరటి వండు ఒకటి. వాయసమంటే కాకి. వంట మాస్టర్‌కి గ్రాంథికం రాదు కాబట్టి కాకులు బతికిపోయాయి. వండు మాత్రం అచ్చ తెలుగు, పైగా ఆజ్ఞ. ఆయన అరటికాయ చెక్కు తీసి, చక్రాలు కోసి, దోరగా వేయించి పంపాడు.

"పండు అడిగితే వేపుడు తెచ్చావేంటయ్యా?"

"చీటీలో వండమనే ఉంది సార్."

ఇద్దరిదీ తప్పు కాదు. తప్పు ఒక చుక్కది. చుక్కంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు.

హోటళ్లలో వాడే, వేడితో అచ్చువేసే మామూలు థర్మల్ ప్రింటరు అంగుళానికి 203 చుక్కలు కొడుతుంది. 80 మి.మీ. రోలు మీద అచ్చుపడే వెడల్పు 72 మి.మీ., అంటే అడ్డంగా 576 చుక్కలు. 58 మి.మీ. రోలైతే 384. ఇలాంటి ప్రింటర్లలో చాలావాటికి తెలుగు రాదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేరే తెలుగు లైనుని బొమ్మగా గీసి పంపాలి. ఫోను తెరమీదైతే అక్షరం అంచుల్ని బూడిదరంగు సర్దేస్తుంది. ఇక్కడ ఉంటే నలుపు, లేకుంటే తెలుపు. చుక్క నడిబొడ్డు గీత లోపల పడితే నల్లబడుతుంది, బయట పడితే లేదు.

ప, వ అక్కచెల్లెళ్లు. ప నెత్తి తెరిచి ఉంటుంది, వ నెత్తి మూసుకుని ఉంటుంది. ఆ సందు ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. ఫాంటు నిలువు కొలత 1000 యూనిట్లు, అందులో సందు 545 నుంచి 575 దాకా అనుకోండి. అక్షరాన్ని 24 చుక్కల సైజులో గీస్తే సందు 13.08 దగ్గర మొదలై 13.80 దగ్గర ముగుస్తుంది. 13.5 దగ్గరున్న చుక్క కేంద్రం సందులో పడింది, ప తెరుచుకుంది. 23 చుక్కల సైజులో అదే సందు 12.54 నుంచి 13.23. అటు 12.5 అందలేదు, ఇటు 13.5 అందలేదు. తలుపు మూసుకుంది, పాయసం వాయసమైంది. 22కి దిగితే 11.99 నుంచి 12.65, మళ్లీ తెరుచుకుంటుంది! సైజు తగ్గించినకొద్దీ చదవడం కష్టమవుతుందనే ఇంగితం ఇక్కడ పనికిరాదు.

హింటింగ్ ఉన్నది ఇందుకే. 1991లో ఆపిల్ తెచ్చిన ట్రూటైప్ ఫాంట్లలో అక్షరంతోపాటు చిన్న చిన్న ఆదేశాలు కూడా ఉంటాయి: ఈ అంచుని చుక్కల గడికి సర్దు, ఈ రెండు అంచుల మధ్య ఎంత ఇరుకైనా ఒక చుక్క ఖాళీ వదులు. ఆ రెండో ఆదేశం ఒక్కటి ఉంటే ప ఏ సైజులోనూ వ కాదు. అది రాయని ఫాంట్లకి, అక్షరాలు గీసే సాఫ్ట్‌వేరైన ఫ్రీటైప్‌లో ఆటోహింటర్ (తనంతట తానే హింటింగ్ చేసేది) ఉంది, దానికి తెలుగు లిపి కూడా తెలుసు. కానీ అది ప్రధానంగా అక్షరాల తలల్నీ పాదాల్నీ వరుసకి తెస్తుంది. సందు మిగులుతుందని పూచీ ఇవ్వదు. గీత మరీ సన్నబడి తెగితే అతికించే ఏర్పాటు ట్రూటైప్‌లో ఉంది గాని, మూసుకున్న సందుని తనంతట తానే తెరిచే ఏర్పాటు లేదు. నలుపు మీద ఉన్న ప్రేమ తెలుపు మీద లేదు.

గుడి (ి) గుర్తుది ఇంకో పేచీ. కొన్ని ఫాంట్లలో గుడి విడి ముక్క, యాంకర్ (అతుకు చోటు) కొలతతో అక్షరం నెత్తిన కూర్చుంటుంది. హింటింగ్ అక్షరాన్ని ఒక చుక్క పైకి లేపుతుంది, యాంకర్ మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోతుంది. గుడి నెత్తిలో దిగబడుతుంది. రోమన్ లిపిలో నెత్తిన గుర్తులు మోసే అక్షరాలదీ ఇదే గోల. జర్మన్ యు మీది రెండు చుక్కలు కలిసి గీతవుతాయి. స్పానిష్ వాళ్ల కష్టం మరీ ఘోరం. ఎన్ నెత్తిన ఉండే అలగీత ఎగిరిపోతే 'సంవత్సరం' అనే మాట పదిమందిలో పేరెత్తకూడని శరీరభాగం అవుతుంది. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు ఎలా చదువుకుంటారో మీరే ఊహించుకోండి.

మరి ఏడో నంబరు చీటీలో 'పా' మూసుకుపోయి, పై లైనులో 'ఫుల్ మీల్స్' ఎలా నిక్షేపంగా వచ్చింది? సాఫ్ట్‌వేరు బొమ్మని 600 చుక్కల వెడల్పుతో గీసింది. ప్రింటరుకి పట్టేది 576. మధ్యలో ఉన్న డ్రైవరు (ప్రింటరుని నడిపే ప్రోగ్రాము) బొమ్మని కుదించింది. అంటే ప్రతి 25 వరుసలకి ఒక వరుస ఎత్తేసింది. ఆ వరుస ఎవరి సందులో ఉందో వాళ్ల పని అయిపోయింది. ఎంత చక్కటి హింటింగ్ అయినా ఈ కోతకి ఆగదు. కాబట్టి బొమ్మని కచ్చితంగా 576 (చిన్న రోలుకి 384) వెడల్పుతోనే గీయించి, డ్రైవరులో 'పేజీకి సరిపెట్టు' తీసేయాలి. అక్షరం 28 చుక్కలకి తగ్గకూడదు.

అక్షరాలు స్పష్టంగా లేవని యజమాని చేసే మొదటి పని బోల్డ్ పెట్టడం. రెండోది ప్రింటరు వేడి పెంచడం. బోల్డ్ సందుల్ని పూడ్చేస్తుంది, వేడికి చుక్కలు ఉబ్బి పక్కవాటిని అంటుకుంటాయి. రెండూ కలిస్తే పకారాలన్నీ మూకుమ్మడిగా వకారాలే. లైను ఎత్తు కూడా అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లయినా ఉంచాలి. లేకపోతే కింద వత్తు తెగి, 'ఇడీ రెండు ప్లేట్లు' అన్న చీటీ చూసి వంటగదిలో ఎవరికో గుండె ఝల్లుమంటుంది.

కొత్త ఫాంటు పెట్టినప్పుడల్లా పాయసం, పండు, పప్పు, పూరీ, ఇడ్లీ ఒక చీటీ మీద అచ్చువేసి, మూరెడు దూరం నుంచి చదివించాలి. చదివేది మాస్టరే కావాలి, సాఫ్ట్‌వేరు కుర్రాడు కాదు. అతనికి ఏం రాసి ఉందో ముందే తెలుసు.

ఈలోగా ఏడో నంబరు ఆయనకి ఆ అరటికాయ ముక్కలు తెగ నచ్చేశాయి. ఇంకో ప్లేటు చెప్పాడు. చీటీ వంటగదికి వెళ్లింది. వేవుడు, ఒకటి.