లోహాలు అడుక్కి చేరితే పీడ వదిలినట్టేనా?

మళ్లీ అదే మెసేజ్ తిరుగుతోంది, ఈసారి ముగ్గురు పంపారు. సారాంశం ఇది: "ఫ్యాక్టరీల వల్ల నది విషమైందనేది ఉత్త పుకారు. నీళ్లు టెస్ట్ చేశారు, లోహాలన్నీ పరిమితి లోపే ఉన్నాయి. ఒకవేళ ఉన్నా బరువు కాబట్టి అడుక్కి దిగి మట్టిలో కలిసిపోతాయి. మట్టిలో లోహాలు సహజమే. ఒక్క వరద వస్తే నది తనను తానే కడిగేసుకుంటుంది. ఇంకా భయముంటే మరిగించి తాగండి." ఇందులో సగం సగం నిజాలున్నాయి, అందుకే జనం నమ్మేస్తున్నారు.

ముందు ఆ టెస్ట్ సంగతి. రిపోర్టు దొంగదని నేననను. మెసేజ్‌తో పాటు వచ్చిన ఫొటోలో శాంపిల్ పట్టే మనిషి మోకాళ్ల దాకా నల్లటి బురదలో నిలబడి సీసాలో నీళ్లు నింపుతున్నాడు, నా గొడవంతా ఆ బురద గురించే. సీసం, క్రోమియం, రాగి లాంటివి నీళ్లలో కరిగి ఉండేది తక్కువ. ఎక్కువ భాగం సన్నటి బంకమట్టి రేణువులకీ, ఇనుప తుప్పుకీ, కుళ్లిన ఆకూ అలమకీ అంటుకుని కిందికి దిగిపోతాయి. నీళ్లు సాగిపోతాయి, బురద ఉండిపోతుంది. ఫ్యాక్టరీ తన మురుగునీళ్లు రాత్రి వదిలి తెల్లారేసరికి ఆపేస్తే మధ్యాహ్నం పట్టిన సీసాలో ఏం దొరుకుతుంది? పైగా "పరిమితి లోపే" అన్నదాన్ని ఓసారి లెక్కగట్టి చూడండి. లీటరుకి 1 మిల్లీగ్రాము క్రోమియం అంటే ఏమీ లేనట్టే అనిపిస్తుంది. అలాంటి నీళ్లు రోజుకి 10 లక్షల లీటర్లు వదిలితే రోజుకి కిలో, ఏడాదికి 365 కిలోలు. లోహం మూలకం, కుళ్లదు, ఏ బ్యాక్టీరియా దాన్ని తిని మాయం చేయలేదు. ఆ 365 కిలోలూ ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే కదా.

ఇక "మట్టిలో కలిసిపోతాయి" అన్న మాట. అసలు తిరకాసు ఇక్కడే. నది అడుగులో ఓ ప్లాస్టిక్ గొట్టం గుచ్చి పైకి తీస్తే చాలాచోట్ల పైన కొద్ది మిల్లీమీటర్లు గోధుమ రంగులో ఉంటుంది, దాని కిందంతా నలుపు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. గోధుమ పొరకి ఆక్సిజన్ అందుతుంది కాబట్టి అక్కడ ఇనుప తుప్పు లోహాల్ని పట్టుకుని ఉంటుంది. నల్ల పొరలో ఆక్సిజన్ లేదు, అక్కడ పట్టుకునేది గంధకం. పట్టు ఉన్నమాట నిజమే, కానీ పరిస్థితి మారితే సడలిపోతుంది. మురుగు పెరిగి ఆక్సిజన్ పడిపోతే తుప్పు కరిగి లోహాల్ని వదిలేస్తుంది. పూడిక తీసి ఆ నల్ల బురదని ఒడ్డున పోస్తే గాలి తగిలి ఆమ్లం పుడుతుంది, లోహాలు ఊడొస్తాయి. ఉప్పునీరు కలిసే చోట కాడ్మియం మళ్లీ నీళ్లలోకి వచ్చేస్తుంది. పాదరసం సంగతి మరీ ఘోరం: ఆ నల్ల బురదలోనే బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా (ఒంట్లో తేలిగ్గా చేరిపోయే విషరూపం) మారుస్తుంది, అది పురుగు నుంచి చిన్న చేపకి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి పోయేకొద్దీ పెరుగుతూ పోతుంది.

జపాన్‌లోని మినమాటా చూడండి (అది నది కాదు, సముద్రపు అఖాతం, అయినా బురద బురదే). పాదరసం చేరిన చేపలు తిన్నవాళ్ల నరాల్ని దెబ్బతీసిన జబ్బు 1956లో అధికారికంగా బయటపడింది, ఫ్యాక్టరీ పాదరసం వదలడం 1968లో ఆపింది. వదలడం ఆగిందంటే కథ అయిపోవాలిగా? పాదరసం 25 పీపీఎం (కిలో బురదకి 25 మిల్లీగ్రాములు) దాటిన అడుగు బురదని తోడి కప్పెట్టే పని 1977 నుంచి 1990 దాకా సాగింది. చేపలు బయటికి పోకుండా అడ్డంగా కట్టిన వలని 1997లో గానీ తీయలేదు.

వరద కడిగేస్తుందట. కడిగి ఎక్కడ పోస్తుంది? అమెరికాలోని మోంటానాలో క్లార్క్ ఫోర్క్ నదికి 1908లో పెద్ద వరద వచ్చి ఎగువన ఉన్న రాగి గనుల, కొలుముల వ్యర్థాల్ని ఊడ్చుకుపోయింది. అవి దిగువన అప్పుడే కట్టిన మిల్‌టౌన్ డ్యామ్ వెనక పేరుకున్నాయి. 73 ఏళ్ల తర్వాత, 1981లో, పక్క ఊరి బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. చివరికి 2008లో డ్యామ్‌నే కొట్టేయాల్సి వచ్చింది, బురదని రైలు వ్యాగన్లలో తరలించారు. డ్యామ్ లేని చోట వరద తెచ్చిన బురద పొలాల్లో పరుచుకుంటుంది, అంతే తేడా.

"సహజంగానే ఉంటాయి" అనేది నిజమే. ఆ సహజం ఎంతో తెలుసుకోవడానికే లోతుగా గొట్టం దింపి పొర పొరనీ విడిగా పరీక్షిస్తారు, సీసం-210 (కాలంతో పాటు తరిగిపోయే రేడియోధార్మిక సీసం) ఎంత మిగిలిందో చూసి పొర వయసు కడతారు. ఫ్యాక్టరీలు రాకముందు పొరలో తక్కువ, వచ్చాక పొరలో అమాంతం ఎక్కువ ఉంటే దాన్ని కొండరాళ్ల మీదకి ఎలా నెడతారు? ఇంకో కిటుకు కూడా ఉంది. ఇసుక ఎక్కువున్న చోట శాంపిల్ తీస్తే అంకె దానంతటదే తగ్గిపోతుంది, ఇసుకకి లోహాలు పెద్దగా అంటుకోవు మరి. అందుకే 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడ పట్టి, కిందికి దిగిన సన్న మట్టినే పోలుస్తారు. ఎవరైనా బురద రిపోర్టు చూపిస్తే ముందు ఈ జల్లెడ సంగతి అడగండి.

మరిగించడమంటారా, ఆవిరై పోయేది నీళ్లు మాత్రమే. లోహం గిన్నెలోనే ఉంటుంది, కాస్త చిక్కగా.