కీసా ఎక్కడుండాలో జవాను చెయ్యి చెప్పాలి

వరంగల్ దగ్గరి మామునూరు పోలీసు బెటాలియన్ దగ్గర మా బాపు ఏండ్ల తరబడి ఖాకీ బట్టలు కుట్టాడు. కొలతలకు వచ్చినవాళ్లను నిలబెట్టి టేపు పట్టి వదిలేసేవాడు కాదు. కూర్చోమనేవాడు, వంగమనేవాడు, చెయ్యి కీసాలోకి పోతుందో లేదో చూసేవాడు.

2022 ఆర్మీ డే పరేడ్‌లో మన సైన్యం కొత్త పోరాట దుస్తులు చూపినప్పుడు నేను విన్న మాటలన్నీ బట్ట మీది చిన్న చదరాల డిజిటల్ మచ్చల గురించే. నాకు మాత్రం అంగీని లాగులో దోపకుండా పైకి వదిలెయ్యడమే అసలు మార్పు అనిపించింది. దోపితే నడుము కింద కీసాకు చోటేది? పై కీసాలను కూడా వాలుగా, నిలువు నోటితో పెట్టారు. అవతలి వైపు చెయ్యి ఛాతీకి అడ్డంగా వచ్చి నేరుగా లోపలికి పోతుంది.

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ తొడిగితే ఛాతీ కీసాలు దాని కిందే ఉండిపోతాయి. బోర్లా పడుకుంటే వాటిలో ఉన్నది పక్కటెముకలకు గుచ్చుకుంటుంది. చేతి మీద కీసా అక్కరకొచ్చేది అప్పుడే. తొడ కీసా ఇంకా పాతది. 1930ల చివర బ్రిటిష్ సైన్యం తెచ్చిన బ్యాటిల్‌డ్రెస్ లాగుకు ఎడమ తొడ మీద మ్యాపు పట్టే పెద్ద కీసా, కుడివైపు గాయానికి కట్టే పట్టీకి చిన్న కీసా ఉండేవి. పట్టీ అందరికీ ఒకేచోట ఉండటంలోనే ప్రాణం ఉంది: పడిపోయినవాడి పట్టీ కోసం పక్కవాడు వెతుక్కోకూడదు. అయితే తొడ కీసాలో బరువు నింపి పరుగెత్తితే అడుగడుగునా కాలికి కొట్టుకుంటుంది. దాన్ని ఎంత కిందికి దింపాలన్నది ఆషామాషీగా తేల్చేది కాదు.

మూత సంగతీ అంతే. 2004లో అమెరికా సైన్యం ప్రకటించిన యూనిఫాంలో, నొక్కితే అంటుకునే వెల్క్రో విరివిగా వాడారు. తెరిస్తే చర్రుమంటుంది, మట్టి పడితే పట్టు పోతుంది. తర్వాత తొడ కీసాలకు మళ్లీ గుండీలే వచ్చాయి. రాత్రి కాపలాలో ఆ చప్పుడు ఎంత దూరం పోతుందో గదిలో కూర్చుని గీసేవారికి తెలియదు.

2017లో శంకుస్థాపన జరిగిన మన వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఇప్పుడు మిషన్లు తిరుగుతున్నాయి. రేపు యూనిఫాం పని ఇక్కడికొస్తే బట్ట బలం, రంగు నిలకడతో పరీక్ష ముగించొద్దు. 2021లో మిలిటరీ పోలీస్‌లో మొదటి మహిళా జవాన్ల బ్యాచ్ చేరింది. మగవారి ఛాతీ కొలతకు గీసిన వాలు వాళ్లకు కుదరదు, వాళ్లనూ పిలవాలి. నమూనా తొడిగించి, పైన కవచం వేసి, గ్లౌజులతో చీకట్లో పట్టీ బయటికి తీయమనాలి. చెయ్యి తడబడితే ఆ కుట్లు విప్పి కీసాను జరపాలి.