చెమట పడితే జ్వరం దిగదు

మా వాకింగ్ గ్రూపులోకి ఆ మెసేజ్ ఈ వానాకాలంలో నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపినవారు పొద్దున్నే షటిల్ ఆడే రిటైర్డ్ టీచరు. ఆయన మంచి మనిషే, మెసేజే మంచిది కాదు. అందులో ఉన్నది ఇది: జ్వరం వస్తే పడుకోవద్దు, చెమట కారేదాకా పరుగెత్తాలి, జ్వరం చెమటతో పోతుంది. యాంటీబయాటిక్ వాడుతున్నా జిమ్ ఆపొద్దు, మందు కాపాడుతుంది, మందు చేసిన వేడి చెమటలో పోతుంది, మిగిలింది పాలు తాగితే చల్లారుతుంది. వారం ఆపితే కండ కరిగిపోతుంది. కాబట్టి జ్వరం తగ్గిన మర్నాడే పాత లెక్కతో మొదలుపెట్టాలి.

నేను డాక్టర్ని కాను. హన్మకొండలో ఇరవై ఎనిమిదేళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. గోలీల సంగతి ఎంతో కొంత తెలుసు కాబట్టి ఒక్కొక్కటే చెబుతాను.

చెమటతో జ్వరం పోతుందన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పుతారు, గంటకల్లా ఒళ్లు తడిసిపోతుంది, అమ్మ మెడ కింద చెయ్యి పెట్టి చూసి "చెమట పట్టింది, జరం దిగింది" అంటుంది. అమ్మ చూసింది నిజమే, మనం అర్థం చేసుకున్న వరసే తిరగబడింది. ఒంటి వేడి ఎంత ఉండాలో మెదడులోని హైపోథాలమస్ గీత గీసి పెడుతుంది. ఇన్ఫెక్షన్ వస్తే ఆ గీతను 98.6 ఫారెన్‌హీట్ నుంచి 102కో, 103కో జరుపుతుంది. ఒళ్లు అంత వేడెక్కేదాకా మనకు చలి, వణుకు. మందు పనిచేసో, రోగం తగ్గో గీత మళ్లీ కిందికి దిగితే, ఎక్కువైన వేడిని వదిలించుకోవడానికి చెమట పడుతుంది. అంటే జ్వరం దిగుతోంది కాబట్టి చెమట. పరుగెత్తి తెచ్చుకున్న చెమటతో ఆ గీత జరగదు. పైగా పరుగెత్తే కండలు కొత్త వేడి పుట్టిస్తాయి, ఒంట్లో నీరు తగ్గుతుంది. వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి దాదాపు 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. 102 జ్వరంలో మంచం మీద ఉన్నవాడి గుండె అప్పటికే నడక నడుస్తోంది. దాన్ని మళ్లీ ట్రెడ్‌మిల్ ఎక్కించడమెందుకు?

ఇందులో భయపడాల్సింది గుండె కండరానికి వచ్చే వాపు గురించి. కాక్సాకీ లాంటి కొన్ని వైరస్‌లు గుండె కండరంలోకి దిగుతాయి. 1970లో ఆ వైరస్ ఎక్కించిన చిట్టెలుకలను కొన్నింటిని నీళ్లలో ఈదించి, కొన్నింటిని ఊరికే ఉంచి చూశారు. ఈదినవాటి గుండెల్లో వైరస్ విపరీతంగా పెరిగింది, చావులూ ఎక్కువయ్యాయి. ఎలుకలే కదా అంటే, స్వీడన్ సంగతి ఉంది. అక్కడ అడవిలో మ్యాపు, దిక్సూచి పట్టుకుని పరుగెత్తే ఓరియంటీరింగ్ అనే ఆటకు బాగా పేరుంది. 1979 నుంచి 1992 దాకా ఆ ఆటలో ఆరితేరిన యువ ఆటగాళ్లు 16 మంది ఉన్నట్టుండి చనిపోయారు. వాళ్లలో చాలామంది గుండెల్లో కండరం వాపు కనిపించింది. చివరికి ఆటనే కొన్ని నెలలు ఆపి, ఒంట్లో బాగోలేనప్పుడు సాధన చేయకూడదని గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. ఆ చావుల వరస అక్కడితో ఆగింది. ఇలాంటి వాపు మామూలు జ్వరాల్లో అరుదే. కానీ ఎవరికి వచ్చిందో బయటికి కనబడదు. జ్వరం తర్వాత మెట్లెక్కితే ఛాతీలో నొప్పి, గుండె దడ, మునుపెన్నడూ లేని ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వ్యాయామం మాట పక్కనపెట్టి ఈసీజీకి వెళ్లాలి. వాపు ఉందని తేలితే మూడు నుంచి ఆరు నెలలు కఠిన వ్యాయామం వద్దంటారు డాక్టర్లు.

మరి జలుబు చేసినా నడవకూడదా? నడవొచ్చు. పడుకోవద్దన్న మెసేజ్ మాటలో కాస్త నిజం ఉన్నది ఈ ఒక్క చోటే. అమెరికాలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 1998లో ఆరోగ్యవంతులకు కావాలనే జలుబు వైరస్ ఎక్కించి, కొందరితో రోజు మార్చి రోజు మోస్తరు వ్యాయామం చేయించారు. చేసినవాళ్లకు జలుబు ముదరలేదు, చేయనివాళ్ల కంటే తొందరగా తగ్గనూ లేదు. ముక్కు కారడం, తుమ్ములు వరకే ఉంటే నెమ్మదిగా నడవండి. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు, విరేచనాలు, వీటిలో ఏదున్నా పడుకోండి. డోలో వేసుకుని "ఇప్పుడు జరం లేదు" అని గ్రౌండుకు వెళ్లేవాళ్లను చూస్తుంటాను. జ్వరం ఉంది, కనబడకుండా ముసుగేశారంతే.

ఇక నా షాపు సంగతికి వస్తాను. యాంటీబయాటిక్ కాపాడుతుందన్న మాట సగం జ్వరాలకు అసలు వర్తించదు. డెంగీ, ఫ్లూ, జలుబు అన్నీ వైరస్‌లవి. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాను. బ్యాక్టీరియా జ్వరమే అయినా గోలీ రోగం మీద పనిచేస్తుంది గానీ మీ గుండెకు కవచం తొడగదు. అలాగని గోలీ వాడుతున్నంతకాలం కదలకూడదన్నదీ తప్పే. పంటి చిగురుకో, చిన్న గాయానికో అమాక్సిసిలిన్ వాడుతూ, జ్వరం లేకుండా హాయిగా ఉన్నవాళ్లు ఎప్పటిలా నడవొచ్చు. అడగాల్సిన ప్రశ్నలు రెండే: ఏ జబ్బుకు, ఏ గోలీ.

ఆ రెండోది ఎవరూ అడగరు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది. అది 'ఫ్లాక్సాసిన్' అని ముగిస్తే ఆగి చదవండి. సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, నార్ఫ్లాక్సాసిన్ అన్నీ ఒకే కుటుంబం. విరేచనాలు అనగానే మనూళ్లో చేతికొచ్చే ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ జంట గోలీ కూడా ఇందులోదే. మడమ వెనక గట్టి తాడులా చేతికి తగిలేదాన్ని మనం నరం అంటాం. అది నరం కాదు, పిక్క కండను మడమ ఎముకకు కట్టిన తాడు, అకిలిస్ టెండాన్. ఈ కుటుంబం గోలీలు ఆ తాడును బలహీనపరచగలవు. ఒక్కోసారి అది తెగిపోతుంది కూడా. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందుల కాగితం మీద నల్లగీతల పెట్టెలో ఈ హెచ్చరిక పెట్టించింది. 2016లో ఇంకా గట్టి చేసింది, వేరే మందు ఉన్నప్పుడు మామూలు సైనస్, బ్రాంకైటిస్, మూత్రం ఇన్ఫెక్షన్లకు ఇవి వద్దంది. ఇది అరుదుగా జరిగేదే. కానీ 60 దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకు ముప్పు పెరుగుతుంది. ఆర్‌ఎంపీ ఇచ్చే కాగితం పొట్లంలో యాంటీబయాటిక్ పక్కనే బుల్లి స్టెరాయిడ్ గోలీ ఎన్నిసార్లు ఉంటుందో మందుల షాపు వాళ్లను అడగండి. నొప్పి మొదటి రోజుల్లోనే రావచ్చు, కోర్సు అయిపోయిన కొన్ని నెలలకూ రావచ్చు. కాబట్టి ఈ గోలీలు వాడుతూ ఎగరడం, స్ప్రింట్లు, తాడాట, షటిల్, బరువులతో పిక్కల వ్యాయామం వద్దు. మడమ వెనక, మోచేతి దగ్గర, భుజంలో కొత్త నొప్పి మొదలైతే తర్వాతి గోలీ మింగే ముందే డాక్టరుకు ఫోన్ చేయాలి.

మిగతా గోలీల గురించి రెండు ముక్కలు. డాక్సీసైక్లిన్ వాడేవాళ్లకు ఎండ తగిలితే చర్మం తొందరగా కమిలిపోతుంది, నడక తెల్లవారుజామునే కానివ్వండి. అజిత్రోమైసిన్ కొందరిలో గుండె లయను చెదరగొట్టగలదు, ఇదివరకే గుండె జబ్బున్నవాళ్లు డాక్టరుకు ఆ మాట చెప్పాలి.

'వేడి' సంగతి. గోలీ వేడి చేస్తుందని మనం అనేది ఎక్కువగా నోటిపూత, కడుపులో మంట, విరేచనాల గురించే. మందు ఒంట్లోంచి పోయే దారి చెమట కాదు. అమాక్సిసిలిన్ ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది, అజిత్రోమైసిన్ పిత్తంతో కలిసి పేగుల్లోకి పోతుంది. ఒకవేళ చెమటలో పోయినా అది నష్టమే కదా, డబ్బు పెట్టి కొన్న మందు! పాల మాటైతే ఇంకా తప్పు. సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతో, పెరుగుతో, క్యాల్షియం, ఐరన్ గోలీలతో కలిపి వేసుకుంటే మందు వాటికి అతుక్కుని రక్తంలోకి సరిగా ఎక్కదు. పాలలో కలిపిన ప్రొటీన్ పొడికీ అదే లెక్క. గోలీ మంచినీళ్లతోనే మింగాలి.

వారానికి కండ కరగదు. బలం రెండు మూడు వారాల దాకా పెద్దగా తగ్గదు. జ్వరంలో తగ్గిన బరువులో చాలావరకు నీరే. మన ఇళ్లలో పాత బియ్యం అన్నం, బీరకాయ కూరతో పథ్యం పెట్టేది ఇందుకే, ముందు తిండి నిలబడాలి.

మర్నాడే పాత లెక్క అన్నది డెంగీలో ప్రాణం మీదికి తెస్తుంది. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు గండం, ప్లేట్‌లెట్లు పడిపోయేదీ, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారేదీ అప్పుడే. కౌంటు మామూలుకొచ్చి, నీరసం పోయేదాకా బరువులు, కబడ్డీ అసలు వద్దు. మలేరియాలో ప్లీహం ఉబ్బి ఉంటే కడుపుకు దెబ్బ తగలకూడదు. కొవిడ్ తర్వాత లక్షణాలన్నీ పోయేదాకా ఆగాలి. మామూలు జ్వరమైతే, పారాసిటమాల్ లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతే పది పదిహేను నిమిషాల నడకతో మొదలుపెట్టండి. మొదటి వారం పాతదాంట్లో సగం చాలు. పొద్దున లేవగానే నాడి పట్టుకుని చూడండి, ఎప్పటి కంటే 10 ఎక్కువుంటే ఆ రోజు సెలవు.

ఇదంతా కాస్త కుదించి గ్రూపులో పెట్టాను. పది నిమిషాలకు టీచరు గారి ఫోను.

"తమ్మీ, నా స్ట్రిప్ ఎనక ఒఫ్లాక్సాసిన్ అనే ఉంది. మూడు రోజులాయె వాడవట్టి. రేపు పొద్దుగాల షటిల్ ఉంది."

"మడమ ఎనక రెండు వేళ్లతో నొక్కి చూడండి సారూ, నొప్పుందా?"

"కొంచెం పట్టేసినట్టుంది. ఆటతోటే అనుకున్న."

"రాకెట్ పక్కన పెట్టండి. మీకు గోలీ రాసిన డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేయండి."

"డాక్టరెక్కడ తమ్మీ! మోషన్స్ అయితున్నయంటే మీ షాపుల పిలగాడే ఇచ్చిండు."

బండి తాళాలు తీసుకుని ఆయన ఇంటికి బయల్దేరాను, ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి.