బన్ను, క్రీము, బ్రహ్మజ్ఞానం

ఫిలాసఫీ చదివితే ఉద్యోగం రాదని పిల్లల్ని బెదిరించే తల్లిదండ్రులకు ఒక మనవి. ‘ఈ వస్తువు ఏమిటి? దీని అసలు స్వభావం ఏమిటి?’ అని రోజూ పదింటికల్లా ఆఫీసుకొచ్చి, ఫ్యాను కింద కూర్చుని, నెల జీతం మీద ఆలోచించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని పన్నుల అధికారులంటాం. ఆర్థిక సంస్కరణలంటే వడ్డీ రేట్లు, ద్రవ్య లోటు, జీడీపీ అనుకునేవాళ్లది పైపై చూపు. లోతుల్లోకి దిగి చూస్తే అక్కడ కనిపించేది ఒక బన్ను.

2017 జూన్ 30 అర్ధరాత్రి పార్లమెంటు సెంట్రల్ హాల్లో సభ పెట్టి మరీ జీఎస్టీ తెచ్చుకున్నాం. ఒకే దేశం, ఒకే పన్ను అన్నారు. ఆ ఒక్క పన్నుకీ 5, 12, 18, 28 అని నాలుగు మెట్లు, బంగారానికి విడిగా 3, కొన్నిటికి సున్నా, కొన్నిటికి పైన సెస్సు. పెట్రోలు, మందు మాత్రం మేం రాం పొమ్మన్నాయి. గిట్టనివాళ్లు దీన్ని గందరగోళమన్నారు. ఉన్నది ఒక్కటే, పలు రూపాల్లో కనిపిస్తుందని శంకరాచార్యులు చెప్పినప్పుడు మాత్రం ఎవరూ ఇన్‌వాయిస్ అడగలేదు.

2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ 55వ సారి సమావేశమైంది. జైసల్మేర్‌లో. తపస్సుకి ఎడారే సరైన చోటు. అక్కడ పాప్‌కార్న్ గురించి సందేహ నివృత్తి జరిగింది. ఉప్పూకారం చల్లి విడిగా అమ్మితే 5 శాతం. అదే సరుకుని ప్యాకెట్లో పోసి లేబుల్ అంటిస్తే 12. క్యారమెల్ పూస్తే 18. ఎందుకంటే చక్కెర తగలగానే పేలాలు తమ పూర్వాశ్రమం వదిలేసి మిఠాయి జాతిలో కలిసిపోతాయి. దేశమంతా పగలబడి నవ్వింది. అందులో నవ్వడానికేముందో నాకైతే తెలియలేదు.

అంతకు మూడు నెలల ముందు కోయంబత్తూరులో ఓ హోటల్ యజమాని ఆర్థిక మంత్రిగారి ఎదుటే లేచి తన బాధ చెప్పుకున్నాడు. బన్నుకి పన్ను లేదు, లోపల క్రీము పెడితే 18 శాతం. కస్టమర్లు ‘బన్ను వేరే, క్రీము వేరే ఇవ్వండి, మేమే పూసుకుంటాం’ అంటున్నారట. సభలో అందరూ నవ్వారు. తర్వాత ఆయన మంత్రిగారిని కలిసి క్షమాపణ చెప్పుకున్న వీడియో బయటికొచ్చింది. గురువుని ప్రశ్న అడగాలంటే శిష్యుడికి వినయం ఉండాలి మరి. అయినా ఆ కస్టమర్ల తెలివి చూడండి. ప్లేట్లో రెండుగా ఉన్నంతసేపూ పన్ను లేని బన్ను, కత్తితో ఒక్క పూత పూశాక పన్ను పడాల్సిన పదార్థం. ఆ పూతకి ముందూ వెనకా ఏం మారిందన్నది ఆరు దర్శనాలు చదివినా తేలదు.

కొబ్బరి నూనె సంగతి ఇంకా గొప్పది. చిన్న సీసాలో పోసిన కొబ్బరి నూనె వంటదా, తలదా అన్న వివాదం పదిహేనేళ్లు నలిగింది. 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. 2024 డిసెంబరులో ముగ్గురు కూర్చుని, తలనూనె అని సీసా మీద రాసుకుంటే తప్ప అది వంటనూనేనని తేల్చారు. కేరళవాళ్లు కూరలో పోసుకుంటారు, మనం జుట్టుకి పట్టిస్తాం. మధ్యలో సీసా ఎవరి పక్షం వహిస్తుంది పాపం!

ఈ విద్య మనకొక్కళ్లకే వచ్చనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో కేకుకి వ్యాట్ లేదు, చాక్లెట్ పూసిన బిస్కెట్టుకి ఉంది. మరి బిస్కెట్టంత ఉండి, పైన చాక్లెట్ పూత ఉన్న జాఫా కేకు కేకా, బిస్కెట్టా? 1991లో ట్రిబ్యునల్ విచారించింది. ఆరుబయట వదిలేస్తే బిస్కెట్టు మెత్తబడుతుంది, కేకు గట్టిపడుతుంది. ఇది గట్టిపడుతోంది కాబట్టి కేకే అంది. ఈ సూత్రం ఎంత గట్టిదో మన వంటింట్లోనే పరీక్షించుకోవచ్చు. డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే జంతికలు మెత్తబడతాయి, అరిసెలు గట్టిపడతాయి. కనుక బ్రిటిష్ న్యాయం ప్రకారం జంతిక బిస్కెట్టు, అరిసె కేకు. అదే దేశంలో ప్రింగిల్స్ తయారుచేసే కంపెనీ, బంగాళాదుంప చిప్స్ మీద పడే వ్యాట్ తప్పించుకోవడానికి, మా చిప్స్‌లో బంగాళాదుంప పెద్దగా లేదు మహాప్రభో అని తనంతట తనే వాదించుకుంది. తమ సరుకులో సరుకు లేదని బల్ల గుద్ది చెప్పిన వ్యాపారిని నేనింకెక్కడా చూడలేదు. 2009లో అప్పీలు కోర్టు, ఉన్నది చాల్లే, పన్ను కట్టండి అంది.

అమెరికా ఇంకా పాతకాపు. అక్కడ 1883 చట్టం ప్రకారం దిగుమతయ్యే కూరగాయల మీద 10 శాతం సుంకం, పండ్ల మీద లేదు. టమాటా వృక్షశాస్త్రంలో పండే. కానీ 1893లో వాళ్ల సుప్రీంకోర్టు, దీన్ని భోజనంతో తింటారు, భోజనమయ్యాక తినరు, కాబట్టి కూరగాయే అని తీర్పిచ్చింది. ఆ న్యాయమూర్తులు గోదావరి జిల్లాల్లో ఒక్క పూట విస్తరి ముందు కూర్చోలేదని తెలిసిపోతూనే ఉంది. పెరుగన్నంలో మామిడిపండు నంజుకునేవాణ్ణి చూసి ఉంటే కేసు ఇప్పటికీ వాయిదాల్లోనే ఉండేది.

ఇక కోడి కథ. 1960ల మొదట్లో అమెరికా కోళ్లు చవగ్గా వచ్చి పడుతున్నాయని యూరప్ దేశాలు సుంకం పెంచాయి. అమెరికాకి కోపమొచ్చింది. బ్రాందీ, పిండి లాంటి మరికొన్నిటితో పాటు దిగుమతయ్యే చిన్న ట్రక్కుల మీద కూడా 25 శాతం వేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకి సామెత, వాళ్లకి వాణిజ్య విధానం. తాత్కాలికంగా వేసినవి ఎలా ఉంటాయో తెలిసిందేగా, 1964లో మొదలైన ఆ ట్రక్కు సుంకం నేటికీ ఉంది. ఫోర్డ్ కంపెనీ టర్కీలో వ్యాన్లు చేయించి అమెరికాకి తెచ్చుకునేది. సరుకుల వ్యాన్ అయితే 25 శాతం, మనుషులెక్కే బండి అయితే 2.5. అందుకని వెనక సీట్లు, బెల్టులు, కిటికీలు బిగించి ఓడెక్కించేవారు. రేవులో దిగి, కస్టమ్స్ దాటగానే సీట్లు పీకేసి సరుకుల వ్యాన్‌గా మార్చేసేవారు. సముద్రం మీద ఉన్నంతకాలం అది ప్రయాణికుల బండి. ఈ యోగం చాలా ఏళ్లు నడిచింది. కోర్టుల్లో ఓడి, 2024లో 36.5 కోట్ల డాలర్లు కట్టి రాజీకొచ్చారు.

ఇంత సూక్ష్మంగా ఆలోచించీ ఆలోచించీ వాషింగ్టన్‌కి విసుగొచ్చినట్టుంది. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ గారు వస్తువుల సంగతి వదిలేసి దేశాల మీద పడ్డారు. ఒక దేశంతో ఉన్న వాణిజ్య లోటుని ఆ దేశం నుంచి వచ్చే దిగుమతులతో భాగించు, వచ్చినదాన్ని సగం చెయ్యి, అదే సుంకం. ఎనిమిదో తరగతి పిల్లాడు టిఫిన్ తినేలోపు చేసేయగలడు. మన వంతుకి 26 వచ్చింది. అంటార్కిటికా దాపున మనిషన్నవాడు ఉండని హర్డ్, మెక్‌డొనాల్డ్ దీవులకి కూడా 10 శాతం పడింది. అక్కడుండేవి పెంగ్విన్లు. అవి అమెరికాని ఏ విధంగా దోచుకుంటున్నాయో అధికారికంగా వివరిస్తే బాగుండేది.

ఆగస్టుకి మన లెక్క 50కి చేరింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు శిక్ష. చమురు కొన్నది రిఫైనరీలు, దెబ్బ తగిలింది భీమవరం రొయ్యకి. మన రొయ్యలకి అన్నిటికన్నా పెద్ద బజారు అమెరికాయే మరి. చెరువు గట్టు మీద రైతుకి ఏరియేటర్ల కరెంటు బిల్లు, మేత ధర, తెల్లమచ్చ తెగులు చాలవన్నట్టు ఉక్రెయిన్ యుద్ధం కూడా టెన్షన్ పెట్టింది. కొనేవాడు వంద కౌంటు, అంటే కిలోకి వంద తూగే రొయ్యల రేటు తగ్గించి చెప్పి, కారణమడిగితే ఆకాశం వైపు చూపించాడు. వనామి రొయ్య రష్యా చమురు తాగినట్టు ఎక్కడా రుజువు లేదని మన తర్కపండితులెవరూ అమెరికా వెళ్లి వాదించకపోవడం నాకు ఇప్పటికీ వెలితే.

ఇక్కడ మనవాళ్లు 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 మెట్లు ఎత్తేశారు. 2020లో కర్ణాటకలో ‘తినేముందు పెనం మీద వేడి చెయ్యాలి గనక ఇది రొట్టె కాదు, 18 శాతం కట్టు’ అనిపించుకున్న ప్యాకెట్ పరోటాకి ఎట్టకేలకు సున్నా వచ్చింది. ఐదేళ్లకైనా రొట్టెల కులంలో చేర్చుకున్నందుకు సంతోషమే. కాకపోతే ఇలా సులువు చేసుకుంటూ పోతే ఆలోచించేవాళ్లకి పనేం మిగులుతుంది?

అందుకే ఆ మేధస్సుని ఎగుమతుల వైపు మళ్లించమని నా సూచన. సుంకాలు రేపు ఎటు తిరిగినా పనికొచ్చే ఉపాయమిది. భీమవరం నుంచి వెళ్లే ప్రతి కంటైనర్లో వెనక సీట్లు, బెల్టులు బిగించాలి. రొయ్యల్ని సరుకుగా కాక ప్రయాణికులుగా చూపించాలి. రేవులో దిగాక సీట్లు పీకేసుకోవచ్చు, ఆ పని ఎలా చెయ్యాలో వాళ్లకి బాగా తెలుసు. ఉన్న చిక్కల్లా ఒకటే, ప్రయాణికులన్నాక వీసా ఉండాలి. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ దొరికేలోపు ఐసు కరిగిపోతుంది.