ఎక్కకముందే దిగిన మామయ్య

మొన్న శనివారం మా మామయ్య టోక్యో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చాడు. ఎయిర్‌పోర్టుకెళ్లి తీసుకురావాల్సింది నేను. వారం ముందే పంపిన టికెట్‌ని ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించాను కూడా. బయల్దేరేది శనివారం సాయంత్రం 5. దిగేది శనివారం ఉదయం 10:15.

సాయంత్రం ఎక్కినవాడు అదే రోజు పొద్దున ఎలా దిగుతాడు? అచ్చుతప్పు అనుకున్నాను. ఎర్ర పెన్నుతో శనివారం కొట్టేసి 'ఆదివారం' అని దిద్దాను.

ఇక్కడ నాదొక ఫిర్యాదు. ఈ టికెట్లమ్మే సైటు వాళ్లు, మర్నాడు దిగితే పక్కన చిన్నగా +1 అని వేస్తారు. ఎక్కిన టైముకన్నా ముందే దిగే వింత జరిగితే మాత్రం కిక్కురుమనరు. హోటల్ కావాలా, కారు కావాలా, ఇన్సూరెన్స్ కావాలా అని ఆరుసార్లు అడగడానికి మాత్రం చోటు దొరుకుతుంది.

శనివారం 11:40కి, నేనింకా పళ్లు కూడా తోముకోకముందే ఫోన్.

"దిగానురా. ఎక్కడున్నావ్?"

"ఎక్కడ దిగావు మామయ్యా?"

"శాన్‌ఫ్రాన్సిస్కోలో!"

"నీ విమానం సాయంత్రం ఐదుకి కదా. నువ్వింకా ఎక్కనే లేదు."

అటువైపు కాసేపు నిశ్శబ్దం. డెబ్భై ఏళ్ల మనిషి, నిద్ర లేదు, కంగారుపడ్డాడు పాపం అని నేను గొంతు మెత్తగా చేసుకున్నాను. చుట్టూ అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతున్నారన్నాడు. టోక్యో ఎయిర్‌పోర్టులో కూడా మాట్లాడతారన్నాను. సూట్‌కేసు చేతికొచ్చిందన్నాడు. అంటే ఇంకా చెక్‌-ఇన్‌లో ఇవ్వలేదన్నమాట అన్నాను. ఏ మాటకా మాటే, నా తర్కంలో ఎక్కడా సందు లేదు.

"నీ చేతి వాచీలో టైమెంత?" అనడిగాను, లాయరు చివరి ప్రశ్న వేసినట్టు.

"మూడూ నలభై."

"చూశావా! ఇంకో ఇరవై నిమిషాల్లో కౌంటర్ మూసేస్తారు మామయ్యా, పరిగెత్తు!"

ఆయన నిజంగానే నాలుగడుగులు పరిగెత్తాడట. చక్రాల సూట్‌కేసు టకటకా చప్పుడు నాకు వినబడింది కూడా. తర్వాత ఆగి, నా చిన్నప్పుడు తప్ప మళ్లీ వాడని మాటలు కొన్ని వాడాడు.

అది టోక్యో టైము మీదున్న ముళ్ల వాచీ. మూడూ నలభై అంటే అక్కడ ఆదివారం తెల్లవారుజాము. ఈ సంగతి మా అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తకుండా చెప్పింది. దూరం సుమారు 8,300 కిలోమీటర్లు, ఇటొచ్చేటప్పుడు పైన గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి తొమ్మిదింపావు గంటలు, అటెళ్లేటప్పుడు అదే గాలి ఎదురై పదకొండు. ఈ వేసవిలో టోక్యో మనకన్నా పదహారు గంటలు ముందు. దారిలో తేదీ రేఖ దాటితే తేదీ ఒకరోజు వెనక్కెళ్తుంది, ఆ లెక్క కూడా ఈ పదహారులోనే ఉంది. పదహారులోంచి తొమ్మిదింపావు తీసేస్తే ఎక్కిన టైముకి ఆరుముప్పావు గంటల ముందే దిగుతాడు. "అచ్చుతప్పు కాదు నాన్నా" అని చివర్న అంది చూడండి, అది అక్కర్లేదు.

నేను చేరేసరికి మామయ్య సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నాడు. ఫ్యామిలీ గ్రూపులో అప్పటికే అంతా పెట్టేశాడు. కారెక్కాక అడిగాడు:

"ఇప్పుడైనా దిగానా, ఇంకా ఎక్కాలా?"

సీటు బెల్టు పెట్టుకోమన్నాను.